తేలికైన తీపి, ఆరు సేర్లు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో కష్టమైన పనులన్నీ చదువుకోని వాళ్ళు చేయడం వల్లనే కష్టమయ్యాయని, చదువుకున్న వాళ్ళు చేయి పెడితే అవన్నీ ఇట్టే తేలికైపోతాయని. ఈ నమ్మకాన్ని నాకు ఉచితంగా ఇచ్చింది మా కాలేజీ. తెరలు కట్టిన బస్సులో రెండేళ్ళు కూర్చుని వెళ్ళి నేను నేర్చుకున్న అనేక విద్యల్లో గృహ విజ్ఞానం ఒకటి. దాన్ని బోధించిన ఆవిడను మేము చాటుగా కస్టర్డ్ ఉస్తానీ, అంటే కస్టర్డ్ పంతులమ్మ, అనేవాళ్ళం. ఇంగ్లండు సీమ నుంచి వచ్చే ఒక డబ్బా పొడిని వేడి పాలల్లో కలిపితే అయిదు నిమిషాల్లో తీపి వంటకం తయారవుతుందని ఆవిడ ఏడాది పొడుగునా చెప్పేది. పాలకు తగిలే గుడ్డను సోడా వేసి మరిగించాలని, మరిగించినా మురికి వదలని గుడ్డను నిర్దాక్షిణ్యంగా తగలబెట్టాలని కూడా చెప్పేది. పరీక్షలో ఆ గుడ్డ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. (ఆ మార్కులను నేను ఎక్కడ ఖర్చు పెట్టానో తర్వాత చెబుతాను.)

ఇంత చదువు చదివిన నన్ను తీసుకుపోయి మా నాన్న జహనుమా వైపు ఒక గల్లీలో పాల వ్యాపారం చేసే ఇంట్లో ఇచ్చాడు. ఇంట్లో మనుషులు నలుగురు, బర్రెలు పద్నాలుగు. ఎవరి మాటకు ఎక్కువ విలువో నేను వేరే చెప్పనక్కరలేదు. మా ఆయన మాత్రం కోటు తొడుక్కుని కచేరీకి వెళ్ళే గుమాస్తా. ఆ కోటును చూసే మా నాన్న ఒప్పుకున్నాడు. మా అన్న ఆ కోటు వెనకున్న కొట్టాన్ని చూశాడు. నాకొక వకీలు సంబంధం చూసి పెట్టుకున్న అన్నకు ఈ పెళ్ళి ముల్లులా గుచ్చుకుంది. పందిట్లోనే, మా అత్తమ్మకు వినిపించేంత చిన్న గొంతుతో, "చదివిన పిల్లను తీస్కపోయి బర్ల కొట్టంల కట్టేస్తున్నరు. పాలోళ్ళ ఇల్లే గాని, దీనికి ఒక గిలాసెడు పాలన్న దొరుకుతయో లేదో" అన్నాడు. అని అఫ్జల్‌గంజ్‌లో తన ఇంటికి వెళ్ళిపోయాడు. ఏడాదిన్నర పాటు మూసీ దాటి మా గడప తొక్కలేదు.

అన్న నోట్లో ఏ దేవత కూర్చుందో గాని, ఆ గిలాసు మాట అక్షరాలా నిజమైంది. పాలు అమ్మే ఇంట్లో పాలు ఉండవు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా మామకు అరవై దాకా వాడుక ఇళ్ళు, అంటే రోజూ తప్పకుండా పాలు పోయాల్సిన ఇళ్ళు ఉండేవి. ఆయన పాలల్లో నీళ్ళు కలపడు. గల్లీలో తక్కిన పాలవాళ్ళు ఈ అలవాటును ఒక రకమైన జబ్బుగా చూసేవాళ్ళు. ఏ ఇంట్లోనో చుట్టాలొచ్చి అరసేరు ఎక్కువ కావాలంటే, ఇతరులు బావి దగ్గరికి వెళ్తే, మామ మా వంటింటికి వచ్చేవాడు. మాకోసం తీసిపెట్టిన పాలను ఎత్తుకుని వెళ్ళేవాడు. అందుచేత కోడలిగా వచ్చిన ఆరు నెలల్లో నేను పాలు చూసిన రోజులకన్నా పాలు పోవడం చూసిన రోజులే ఎక్కువ.

మామకు అక్షరాలు రావు. ఆయన అక్షరాలన్నీ గుడ్డపీలికలు. ఒక ఇంటికి వాడుక మొదలైన రోజున ఆ ఇంటివాళ్ళు తమ పాత బట్టలోంచి ఒక పీలిక చింపి ఇచ్చేవాళ్ళు. వాళ్ళ పాల గిన్నె మూతికి రోజూ ఆ పీలికే కట్టాలి. ఎర్రది హకీం గారి ఇల్లు, పసుపు గళ్ళది గాజుల దుకాణం వాళ్ళది, నల్లది దర్జీ వాళ్ళది. పీలిక కట్టిన గిన్నె మాట ఇచ్చిన గిన్నె, దాన్ని ముట్టకూడదు. ఏ పీలికా లేకుండా బోసిగా ఉన్న గిన్నె ఒకటుంటే అది ఇంటిది. ఇంత పెద్ద వ్యవహారమూ మా కొట్టంలో ఒక మేకుకు వేలాడుతూ ఉండేది. నాకు మాత్రం అక్కడ వేలాడేవి మురికి గుడ్డలుగానే కనిపించేవి.

పెళ్ళయిన రెండో దీపావళి దగ్గర పడుతుండగా అన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దీపావళి వెళ్ళిన విదియ నాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి వంట తినాలనే ఆచారం ఉంది కదా, దాని కోసం వస్తున్నాడట. "నీ చేతి వంట" అన్న మాట కింద గీత కూడా గీశాడు. ఆ గీత చూసి నాకు నిద్ర పట్టలేదు. అన్నకు నా మీద ప్రేమ లేక కాదు. తను అన్నది నిజమా కాదా అని చూడటానికే వస్తున్నాడని నాకు తెలుసు. వచ్చిన మనిషి ముక్కుకు రుమాలు పెట్టుకుని, నాలుగు మెతుకులు గిల్లి, "నేను చెప్పలే?" అని మా నాన్నకు చెబితే, ఆ తర్వాత పుట్టింటికి ఈ ఇంటికి మధ్య మూసీ ఒక్కటే కాదు, సముద్రమే. అన్నం, పప్పు, గారెలు, పులిహోర అత్తమ్మ చూసుకుంటానంది. తీపి మాత్రం నేనే చేయాలి. ఇల్లు నాకు పాలు పోస్తున్నదని, నేను సుఖంగా ఉన్నానని, నాకు వంట వచ్చునని, మూడూ ఒకే గిన్నెలో నిరూపించాలి. పైగా అది తేలికగా ఉండాలి, ఎందుకంటే ఆ మూడో మాట నిజం కాదు.

తేలికైన తీపి ఏదని నలుగురినీ అడగడం నేను చేసిన మొదటి తప్పు. అత్తమ్మ బచ్చాలు అల్కటి వంట, అంటే తేలిక, అంది. శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి రుబ్బి, పిండి తడిపి, నానబెట్టి, ముద్దలో పూర్ణం పెట్టి, చేత్తో తట్టి, నెయ్యితో కాల్చితే అయిపోతుందట. గరిజెలు, అంటే కజ్జికాయలు, ఇంకా తేలికట, ఇద్దరు కూర్చుంటే పూటలో నూటయాభై అవుతాయట. మా ఆయన కచేరీ నుంచి వచ్చి, కోటు విప్పకుండానే, చార్మినార్ దగ్గర హల్వాయి కొట్టు ఉన్నంత కాలం దేశంలో జిలేబీని మించిన తేలికైన వంట లేదని తీర్పు ఇచ్చాడు. చెల్లి చేతి వంట అంటే హల్వాయి చేతి వంట కాదని నేనంటే, మీ అన్నకు ఆ తేడా తెలియకుండా చేసే బాధ్యత తనదన్నాడు. కస్టర్డ్ ఉస్తానీ డబ్బా పొడి కోసం దుకాణాలన్నీ తిరిగాను. యుద్ధం మూలంగా రావడం లేదన్నారు. నా రెండేళ్ళ గృహ విజ్ఞానం అలా ఏ సముద్రంలోనో ఓడతో పాటు ఆగిపోయింది.

చివరికి నా తెలివితోనే ఆలోచించి బాసుందిని ఎంచుకున్నాను. పాలు, చక్కెర, ఇలాచీ, మూడే వస్తువులు. రుబ్బడం లేదు, తట్టడం లేదు, వేయించడం లేదు. పాలను పొయ్యి మీద పెడితే అవే చిక్కబడతాయి, మనం పక్కన కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు. పాల ఇంట్లో పాల తీపి, ఇంతకన్నా తేలిక ఏముంటుంది? ఈ మాట అత్తమ్మతో చెప్తే ఆవిడ పేడ చేయి కడుక్కుంటూ కాసేపు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎండలో పడుకున్న దూడను చూసినట్టు జాలి ఉంది.

"విదియ నాడు పాలా? నెలవంక ఎప్పుడు కనబడ్తదో ఎరికేనా నీకు?" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ ఏడు దీపావళి అమావాస్యతోనే రంజాన్ నెల కూడా ముగుస్తోంది. పాడ్యమి సాయంత్రం నెలవంక కనబడితే విదియ నాడే ఈద్. మా వాడుక ఇళ్ళల్లో సగానికి పైగా ఈద్‌కు షీర్ ఖుర్మా అనే పాల పాయసం కాచే ఇళ్ళు. రోజూ సేరు తీసుకునే ఇల్లు ఆ రోజు నాలుగు సేర్లు తీసుకుంటుంది. కనబడకపోతే ఈద్ తదియకు పోతుంది, విదియ పాలు నాకు మిగులుతాయి. అంటే మా అన్నకు నేను పెట్టబోయే తీపి, నా అత్తింటి మర్యాద, నా సంసార సుఖం, అన్నీ చంద్రుడి చేతిలో ఉన్నాయన్నమాట. ఏ చదువూ అక్కర్లేని బచ్చాలు అప్పుడైనా ఎంచుకుని ఉండవచ్చు. కానీ నేను చదువుకున్నదాన్ని. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడం నామోషీ అనుకున్నాను.

దీపావళి మరునాడు మా ఇంట్లో బర్రెలకు పండుగ. వాటికి స్నానాలు, కొమ్ములకు నూనె, మెడలో గవ్వల పేర్లు, నుదుట బొట్లు. నా పెళ్ళికి నన్ను కూడా అంత శ్రద్ధగా అలంకరించలేదు. అందరూ ఆ పనిలో ఉండగా నేను అన్న కళ్ళతో ఇల్లంతా తిరిగి చూశాను. అన్న చూసే వాటిలో మేకుకు వేలాడే ఆ గుడ్డలు కూడా ఉంటాయి కదా అని భయమేసింది. భయమేస్తే నేను ఊరుకునే మనిషిని కాదు, ఏదో ఒకటి చేసి దాన్ని ఇంకా పెంచుకుంటాను. పీలికలన్నీ తీసి, సోడా వేసి, మరిగించి, ఉతికి ఆరేశాను. అన్నీ బాగానే తేలాయి. ఒక్క ఆకుపచ్చ పీలిక మాత్రం ఎంత మరిగించినా జిడ్డు వదల్లేదు. నూలు నూలుగా ఊడిపోతోంది కూడా. ఉస్తానీ మాట గుర్తొచ్చింది. నిర్దాక్షిణ్యంగా పొయ్యిలో పెట్టాను. (పూర్తి మార్కులు ఇక్కడ ఖర్చయ్యాయి.)

ఆ సాయంత్రం గల్లీలో ప్రతి మిద్దె మీదా మనుషులే. అందరూ చంద్రుడు కనబడాలని చూస్తుంటే, నేను ఒక్కదాన్ని కనబడకూడదని చూస్తున్నాను. మా పక్కింటి ఖాలా తన మిద్దె మీంచి నన్ను చూసి, చూపు మంచిగున్న పిల్లవు, నువ్వు చూసి చెప్పు బేటీ అంది. ఖాలా అంటే గల్లీ మొత్తానికి పినతల్లి వంటి ముసలావిడ, ఎవరింట్లో ఏం కావాలన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది. నేను పడమటి వైపు చూశాను. వెంట్రుక అంత నెలవంక స్పష్టంగా కనిపించింది. మబ్బులేమో అన్నాను. నా అబద్ధం పూర్తయ్యే లోపలే నెలవంక కనబడిందని చాటే ఫిరంగి తోపు పేలింది, గల్లీ అంతా ముబారక్ ముబారక్ అని కేకలు. చంద్రుడిని దాచిపెట్టబోయిన కోడలు ఆ ఇంట్లో నాకు ముందు ఎవరూ ఉండి ఉండరు.

కిందికి దిగి వచ్చి, మరి నా పాలు అని అత్తమ్మను అడిగాను. ఆవిడ దూడ తాడు విప్పుతూ, చూద్దాంలే అంది. చూద్దాంలే అంటే లేదని అర్థమని పెళ్ళయిన మొదటి నెలలోనే తెలుసుకున్నాను. రాత్రంతా రవ్వ హల్వా గురించి ఆలోచించాను. అందులో ఉండలు కట్టే అవకాశాలు ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

తెల్లవారుజామున లేచి వంటింట్లోకి వెళ్తే, పెరటి తలుపు దగ్గర, పెద్ద గంజు నిండా పాలు. ఆరు సేర్లకు తక్కువ ఉండవు. మూతికి ఏ పీలికా లేదు, బోసిగా ఉంది. మిగిలిన గిన్నెలన్నీ మామతో పాటు వెళ్ళిపోయాయి. అత్తమ్మ కొట్టంలో ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పైకి ఎంత గట్టిగా మాట్లాడినా అత్తమ్మ మనసు వెన్న, ఈద్ రోజున ఆరు సేర్ల పాలు కోడలికి తీసిపెట్టింది, దీన్ని కదా మా అన్న చూడాలి అనుకున్నాను. ఆ ఉద్వేగంలోనే గంజును పొయ్యి మీదికి ఎక్కించి మంట ఎగదోశాను. పక్కన కూర్చుని పుస్తకం చదవవచ్చన్న నా సిద్ధాంతం మొదటి పావుగంటలోనే పొంగిపోయింది. ఆ తర్వాత రెండు గంటలు అట్లకాడతో కలుపుతూ, పొగకు దగ్గుతూ, అడుగంటుతుందేమోనని గోకుతూ, తేలికైన తీపి చేశాను. పాలు సగానికి పైగా ఇగిరి, మీగడ తెరలు తేలి, రంగు తిరిగాయి. చక్కెర వేశాను, ఇలాచీ వేశాను. జీవితంలో మొదటిసారి నా చేతి వంట నాకే నచ్చింది.

అప్పుడు అత్తమ్మ లోపలికి వచ్చింది. గంజును చూసింది, నన్ను చూసింది. ఇవి ఏ పాలు అని అడిగింది. మనవే, గుడ్డ కట్టి లేదు కదా అన్నాను. పచ్చ పీలిక ఏమైందని అడిగింది. నేను గృహ విజ్ఞానం ప్రకారం దాన్ని ఏం చేశానో చెప్పాను. అత్తమ్మ పీట లాక్కుని నెమ్మదిగా కూర్చుంది.

"అవి ఖాలా పాలు, పిల్లా," అంది.

పీలిక కనబడకపోతే మామ వెతికాడట. పక్కిల్లే కదా, ఖాలా తానే వచ్చి తీసుకుపోతుంది, ఒక్క రోజుకు గుడ్డ లేకపోతేనేం అని గంజును పెరటి తలుపు దగ్గర పెట్టి వెళ్ళాడట. ఆ పీలిక ముప్పై ఏళ్ళ కింద ఖాలా తన పెళ్ళిలో కప్పుకున్న ఓఢ్నీలోంచి చింపి ఇచ్చింది. మామ వ్యాపారంలో అది మొట్టమొదటి పీలిక, మొట్టమొదటి వాడుక. చదువుకున్న కోడలు రావడానికి ముందు అది ముప్పై ఈద్‌లు చూసింది.

పాలు పోసి మామ అప్పుడే తిరిగొచ్చాడు. విషయం విని గడప దగ్గరే నిలబడిపోయాడు. ఆయన కోపపడితే బాగుండుననిపించింది. "ముప్పై ఏండ్ల సంది గా ఇంటికి పాలు తప్పలే," అని మాత్రం అని, ఖాళీ చెంబు పట్టుకుని కొట్టం వైపు వెళ్ళాడు. అక్కడ పద్నాలుగు బర్రెలు గవ్వల పేర్లతో తీరిగ్గా నెమరేస్తున్నాయి. తెల్లవారకముందే పిండిన బర్రె మళ్ళీ ఇవ్వడానికి అది నల్లా కాదు. ఆయన ఒకదాని పక్కన కూర్చుని, దాని పొదుగు మీద చేయి వేసి నిమిరాడు. ఆ వీపు చూసి నాకు అన్న గుర్తుకు రాలేదు, ఉత్తరంలో గీత గుర్తుకు రాలేదు. గంజును మసిగుడ్డలతో పట్టి దించాను. నా తీపి, నా నిరూపణ, అంతా అందులోనే ఉంది. ఇది ఖాలాకు ఇచ్చేస్తాను, తిడితే పడతాను, అన్నకు రవ్వ హల్వా చాలు అన్నాను. అత్తమ్మ మొదటిసారి నన్ను పిల్లా అనకుండా, "కాళ్ళ మీద పోసుకునేవు, ఆగు బిడ్డా," అంది.

మేము వెళ్ళాల్సిన పని లేకపోయింది. ఖాళీ గిన్నె పట్టుకుని ఖాలాయే పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. మగవాళ్ళు నమాజుకు వెళ్ళారట, సేమ్యా నెయ్యిలో వేయించి పెట్టిందట, ఖర్జూరాలు, సారపప్పు నానబెట్టిందట, పాలు ఇక్కడే ఉన్నాయన్న ధీమాతో తీరిగ్గా వచ్చిందట. నేను ఏడుస్తూ మొత్తం చెప్పాను. పీలిక కాల్చిన సంగతి కూడా, మబ్బులన్న అబద్ధం కూడా. (అది ఎవరూ అడగలేదు. నాకు ఒకసారి ఒప్పుకోవడం మొదలుపెడితే ఆగడం రాదు.) ఖాలా అంతా విని, గంజులోకి తొంగి చూసి, గరిటెతో కాస్త తీసి అరచేతిలో వేసుకుని నాకింది.

"చక్కెర గూడ ఏసినవా బేటీ? పాలు గూడ నువ్వే చిక్కగ జేసినవ్. పనంత నువ్వు జేస్తే నేను ఈద్ పూట ఏం జెయ్యాలె, కూసోని దువా చదవాల్నా?"

నాకు అర్థం కాలేదు. అత్తమ్మకు అయింది. షీర్ ఖుర్మాకు పాలను ఎలాగూ చిక్కగా కాచాలి, ఎలాగూ చక్కెర వేయాలి. ఖాలా పొద్దున రెండు గంటలు పొయ్యి దగ్గర పడాల్సిన పాట్లు నేను పడిపెట్టాను. ఆవిడ తిరిగి వెళ్ళి, వేయించిన సేమ్యా, ఖర్జూరాలు, సారపప్పు పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, మా వంటింటి గడప అవతల పీట వేసుకుని కూర్చుంది. మా అత్తమ్మ పొయ్యి దగ్గరికి బయటివాళ్ళు రావడానికి లేదు, అది ఆ ఇంటి పద్ధతి. ఖాలా ముప్పై ఏళ్ళుగా ఆ గడపను దాటకుండానే ఆ వంటింటిని నడిపిస్తోంది. అక్కడి నుంచే నాకు ఆజ్ఞలు. మంట తగ్గించు, ఇప్పుడు సేమ్యా వెయ్యి, గట్ల గుమ్మరించకు, చెయ్యి తిప్పు, నీ చెయ్యి నొస్తే నాకేం నొయ్యదు, తిప్పు. మరి ఆ పళ్ళెంలోవి మన పొయ్యి మీద గంజులో వేయవచ్చునా అని నేను అత్తమ్మ వైపు చూస్తే, ఆవిడ ఒక నిమిషం న్యాయమూర్తిలా ఆలోచించింది. పాలు మనవి, చక్కెర మనది, సేమ్యా వేయించిన నెయ్యి మన ఇంటి నుంచి పోయిందే, ఇక ఖర్జూరం అంటారా, చెట్టుకు ఏ మతమూ లేదు. కేసు కొట్టేసింది.

గంజు దించాక సగం ఖాలా గిన్నెలో పోశాను. మామ ఆవిడను అక్కలా ఆపా అని పిలిచి, మాట పోయింది, అంతా మీదే, మొత్తం తీసుకోండి అని బతిమాలాడు. ఇంత చిక్కగా ఉంటే తన ఇంటికి వచ్చేవాళ్ళెవరూ రెండో కటోరా అడగరని, తనకు లాభమే అయిందని ఖాలా కొట్టిపారేసింది. వెళ్తూ వెళ్తూ, ఆ రోజు కప్పుకున్న కొత్త ఆకుపచ్చ ఓఢ్నీ అంచును పళ్ళతో కొరికి, పర్రున ఒక పీలిక చింపి మామ చేతిలో పెట్టింది. "భాయ్, దీన్ని కోడలికి దొరకకుండ పెట్టు," అంది.

మధ్యాహ్నం అన్న వచ్చాడు. నేను ఊహించినట్టే కొట్టం దాటేటప్పుడు రుమాలు ముక్కు దగ్గరికి వెళ్ళింది. గవ్వల పేరు వేసుకున్న బర్రె ఒకటి ఆయన కోటు అంచును మర్యాదగా నాకింది. విస్తరి ముందు కూర్చుని, పప్పు, గారెలు పరీక్షకుడిలా రుచి చూస్తూ తిన్నాడు. నేను కటోరా తెచ్చి పెట్టాను. ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు.

"బాసుంది అన్నవ్ గద చెల్లె. బాసుందిల సేమ్యలేంది, ఖర్జూరాలేంది?"

నేను నోరు తెరిచాను. నా సంగతి తెలుసు కదా, తెరిస్తే పీలిక దగ్గర్నుంచి చంద్రుడి దాకా మొత్తం వచ్చేది. వెనక నుంచి అత్తమ్మ అందుకుంది.

"మా ఇంట్ల బాసుంది గిట్లనే ఉంటది నాయనా. మీ చెల్లె ఒక్కతే పొద్దుగాల్ల లేచి కాచింది. నేను చెయ్యి గూడ పెట్టలే."

అన్న మూడో కటోరాకు వచ్చాక ఇక ఉండబట్టలేక మామను అడిగాడు, దీనికి ఎన్ని సేర్ల పాలు పట్టాయని. మామ పాలల్లో నీళ్ళు కలపడు, మాటల్లోనూ కలపలేదు. ఆరు సేర్లు అన్నాడు, అంతే. అన్న చేతిలో చెంచా ఆగిపోయింది. ఆయన కూడా ఈ ఊరివాడే. ఈద్ పొద్దున ఆరు సేర్ల పాలంటే ఏమిటో తెలుసు. గల్లీ అంతా పాల కోసం పరుగెత్తే రోజున, గిలాసెడు కూడా దొరకదని తను అన్న ఇల్లు, తన చెల్లెలి ఒక్క గిన్నె కోసం ఆరు సేర్లు పొయ్యి మీద పెట్టింది. ఆయన మొహంలో ఆ లెక్క ఒక్కొక్క సేరుగా దిగడం నేను చూశాను. కటోరా కింద పెట్టి, మామ వైపు తిరిగి, "నేను పందిట్ల ఏదో అన్న. గది మనసుల పెట్టుకోకుండ్రి మామా," అన్నాడు. మామ ఏదో చెప్పబోయాడు. ఆ మనిషికి నిజం చెప్పే జబ్బు ఉందని తెలిసిన మా ఆయన వెంటనే నాలుగో కటోరా తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. నాకు తెలిసి ఆ కచేరీ ఉద్యోగి చేసిన అత్యవసర సేవ అదొక్కటే.

అన్నకు ఇప్పటికీ ఎవరూ నిజం చెప్పలేదు. ఏటా దీపావళి విదియకు వస్తాడు, ఆ "ఆరు సేర్ల బాసుంది" కావాలంటాడు. ఖాలా గడప అవతల కూర్చుని నా చేయి తిప్పిస్తుంది. ఆ తర్వాత ఒక అధిక మాసం వచ్చి రెండు పండుగలనూ విడదీసింది. ఈద్ ఏటేటా ముందుకు జరిగి ఎండాకాలం వైపు పోతోంది. మా ఆయన కచేరీ పంచాంగం ముందేసుకుని లెక్కపెడితే, ఆ రెండూ మళ్ళీ ఒకచోట కలవడానికి ఇంకా ఇరవయ్యేళ్ళకు పైనే పడుతుందట. అప్పటికి నేను అత్తగారినై ఉంటాను. చదువుకున్న కోడలే వస్తుంది, అనుమానం లేదు. దాని చేతికి సోడా అందకుండా ఏ అటక మీద పెట్టాలా అని ఇప్పటినుంచే నాకు ఫికర్.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఇవాళ పొద్దున మా నాలుగేళ్ళ చిన్నది పెరట్లో కూర్చుని తన చెక్కబొమ్మకు చీర కట్టింది. ఆకుపచ్చ చీర. ఎక్కడిదే అని అడిగితే మేకు వైపు చూపించింది. పరుగెత్తుకుని వంటింట్లోకి వెళ్ళాను. పెరటి తలుపు దగ్గర గిన్నె, మూతికి ఏమీ లేకుండా, బోసిగా ఉంది. నేను దానికి మూడు అడుగుల దూరంలో, దొంగను చూసినట్టు దాన్ని చూస్తూ నిలబడిపోయాను. అప్పుడే కొట్టంలోంచి వచ్చిన మామ నన్నూ గిన్నెనూ మార్చి మార్చి చూశాడు.

"ఏంది బిడ్డా," అన్నాడు ఆయన, "ఇయ్యాల గూడ అల్కటి వంటనేనా?"